అమ్మా, తాబేలు ఎప్పుడు లేస్తుంది?

ప్రశ్న: విశాఖ బీచ్‌లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేలును మా నాలుగేళ్ల బాబు చూశాడు. నిద్రపోతోందని చెప్పాం. అప్పట్నుంచి రాత్రిళ్లు పడుకోనని మారాం చేస్తున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు: చిక్కంతా ఆ ‘నిద్ర’తోనే. ఈ వయసు పిల్లలు మాటను ఉన్నదున్నట్టే తీసుకుంటారు. ‘దేవుడి దగ్గరికెళ్లింది’ అన్నా, ఎప్పుడొస్తుందని అడుగుతారు. సూటిగా చెప్పండి: ‘అది నిద్రపోలేదు నాన్నా, చచ్చిపోయింది. ఇక ఊపిరి తీసుకోదు, ఆకలెయ్యదు, నొప్పి తెలియదు, మళ్లీ లేవదు.’ చావు తిరిగిరానిదని అయిదేళ్లలోపు చాలామందికి పట్టుబడదు. పదిసార్లు అడిగితే పదిసార్లూ అవే మాటలు చెప్పాలి, విసుక్కోకుండా.

ఎలా చచ్చిపోయిందంటే? మన తీరానికి చలికాలంలో గుడ్లు పెట్టడానికొచ్చేవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. నీళ్లలో ఉన్నా గాలి కోసం పైకి రావాల్సిందే. ట్రాలర్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చనిపోతాయి. మీరు చూసినదానికీ అదే కారణమని మాత్రం చెప్పలేం. ‘వలలో పడిందేమో’ అంటే చాలు.

‘నువ్వూ చచ్చిపోతావా?’ అనీ అడుగుతాడు. ‘ఎప్పుడూ చావను’ అనకండి. ‘చాలా ఏళ్లు నీతోనే ఉంటాననుకుంటున్నా’ అనండి.

ఈసారి కనిపిస్తే నాలుగడుగుల దూరం నుంచి చూడనివ్వండి, లాక్కుపోవద్దు. తాకితే సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడగాలి. డిప్ప ముక్క ఇంటికి తేకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. కొన్ని వారాలైనా నిద్ర కుదుటపడకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.