నాలుగు రోజులు సముద్రం దగ్గర ఉన్నాం, మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయింది

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పెళ్లయి పదకొండు నెలలు. ఉమ్మడి కుటుంబం. మామగారు, బావగారు, మా ఆయన కలిసి బట్టల దుకాణం నడుపుతారు. సంక్రాంతి బేరాలు అయ్యాక జనవరి చివర్లో అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్లి ఒక రిసార్టులో దిగాం. మేమిద్దరమే కలిసి వెళ్లిన మొదటి ప్రయాణం అది. ఎంతో ఊహించుకున్నాను. ఆయనేమో పొద్దున లేచిన దగ్గర నుంచి దుకాణంతో ఫోనులోనే. సముద్రంలోకి రమ్మని చెయ్యి పట్టి లాగితే హడలిపోయి అందరి ముందూ ఏడ్చేశాను. “లక్షన్నర పోసి తీసుకొస్తే ఒడ్డున కూర్చుంటావా?” అన్నారు. సాయంత్రాలు గదిలో చెరో మూల కూర్చున్నాం. తిరిగి వచ్చాక, నేను మోకాళ్ల దాకా ఉన్న గౌను వేసుకున్న ఫొటో గురించి అత్తయ్య భోజనాల దగ్గర తోడికోడలి ముందే గట్టిగా అన్నారు. ఆ గౌను కొన్నదీ ఆయనే, ఫొటోను కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టిందీ ఆయనే. పక్కనే కూర్చుని కంచంలోంచి తల ఎత్తలేదు. జాతకాలు కుదిరాయి గానీ మనసులు కుదరలేదేమో అనిపిస్తోంది. అమ్మానాన్నలకు చెప్పేయాలా?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని ఇక్కడ బాగా కుదించాను. మీరు రాసిన దానిలో సముద్రానికి మూడు పేజీలు ఇచ్చి, ఫొటో గొడవను నాలుగు వాక్యాల్లో ముగించారు. మీ కష్టమంతా ఆ నాలుగు వాక్యాల్లోనే ఉందని నాకనిపిస్తోంది. అయితే ముందు సాయంత్రాల సంగతి చూద్దాం. మనసులు కుదరలేదన్న అనుమానం మీకు అక్కడే మొదలైంది కాబట్టి.

అండమాన్ మనకు చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం మన గడియారమే. అందుకే జనవరిలో అక్కడ ఐదుంపావు ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. ప్రొద్దుటూరులో ఆ వేళకు ఇంకా ఎండ ఉంటుంది, మీ ఆయన దుకాణంలో సాయంత్రం బేరాలు అప్పుడప్పుడే మొదలవుతుంటాయి. రాధానగర్ బీచిలో సూర్యాస్తమయం చూసి గదికి చేరితే నిద్రపోయే వేళకు ఇంకా నాలుగు గంటలు మిగులుతాయి. తిరగడానికి పెద్ద బజారు ఉండదు, పలకరించడానికి తెలిసినవాళ్లు ఉండరు. ఈ పదకొండు నెలల్లో మీ ఇద్దరికీ ఒకేసారి నాలుగు గంటలు ఏకాంతంగా ఎప్పుడైనా దొరికాయా? ఆయన రాత్రి తొమ్మిదిన్నరకు దుకాణం కట్టేసి వస్తారు, భోంచేస్తారు, తండ్రితోనూ అన్నతోనూ కూర్చుని లెక్కలు చూసుకుంటారు, పైకి వచ్చేసరికి పదకొండు అవుతుందని మీరే రాశారు. మీకు ఆయనతో కబుర్లు చెప్పుకునే అలవాటు ఎక్కడ పడుతుంది? అలవాటు లేని పనిని అంత దూరం వెళ్లి ఒక్కసారిగా చేయమంటే ఎవరైనా తడబడతారు. మంచం మీద పూలు చల్లి, తువ్వాళ్లతో హంసలు చేసి పెట్టే రిసార్టు వాళ్లు, ఆ తర్వాత ఏం మాట్లాడుకోవాలో చెప్పిపోరు మరి.

వెనకటి తరం వాళ్లకు ఈ పరీక్ష లేదు. కొత్త దంపతులు తిరుమల వెళ్లినా వెంట పది మంది ఉండేవారు. మాటలు కరువైనా బయటపడేది కాదు. మీకు బయటపడింది. దాన్ని జాతకాల దాకా తీసుకువెళ్లకండి. ఆ మౌనానికి మీరూ కారణం కాదు, ఆయనా కారణం కాదు.

ఫోను విషయంలో ఆయన మీద నాకు కోపం సగమే. మాఘమాసం ముహూర్తాల ముందు పెళ్లి బట్టలకు జనం వచ్చే రోజులవి. తండ్రి మీదా అన్న మీదా దుకాణం వదిలేసి వచ్చానన్న గుబులు ఆయనకు ఉండి ఉంటుంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలయ్యే దాకా ఆ దీవుల్లో ఇంటర్నెట్ అంతంతమాత్రంగానే ఉండేది. అంతకుముందు వెళ్లి ఉంటే మీ దుకాణం అక్కడి దాకా వచ్చేది కాదు. ఇకపై ఎక్కడికి వెళ్లినా పొద్దున టిఫిన్ అయ్యాక ఒక పావుగంట దుకాణానికి ఇచ్చేయండి, మిగతా రోజు మీది. ఈ మాట బయలుదేరే ముందే అనుకోవాలి, అక్కడికి వెళ్లాక అంటే అది ఫిర్యాదులా వినిపిస్తుంది.

ఇక నీళ్ల సంగతి. మన సీమలో మగపిల్లలకు ఈత నేర్పేది బావుల్లో. నడుముకు బెండు కట్టి, మేనమామో పెదనాన్నో వెనక నుంచి ఒక్క తోపు తోస్తారు. కాసేపు మునిగి తేలి, ఏడ్చి, వారం తిరిగేసరికి గట్టు మీద నుంచి దూకుతుంటాడు పిల్లవాడు. మీ ఆయన తాతగారి తోటలోని బావిలో ఈత నేర్చుకున్నారని రాశారు కదా, ఆయనకు తెలిసిన పద్ధతి అదే. భయం పోవాలంటే నీళ్లలోకి దింపాలి అనుకున్నారు. మీరేమో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే పెన్నను చూస్తూ పెరిగారు. పైగా ఆడపిల్లను బావిలో దింపిందెవరు? మోకాలి లోతు అల వెనక్కి వెళుతూ కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంటే, చెయ్యి మరొకరి పట్టులో ఉంటే, హడలిపోవడంలో వింత లేదు. బావి నీళ్లు కదలవు, సముద్రం లాక్కుంటుంది. ఈత రానివాళ్లను లోపలికి లాగడం సరదా కాదు, ప్రమాదం. ఈ మాట ఆయనకు నా పేరు చెప్పి చదివి వినిపించండి. లక్షన్నర మాట మాత్రం తప్పే. ఖర్చు గుర్తు చేస్తే ఎవరికీ ధైర్యం రాదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ తెలియనితనం వల్ల జరిగినవి, కాలంతో సర్దుకుంటాయి. ఫొటో సంగతి అలా సర్దుకోదు.

ఆ గౌను ఆయన ఎంచి కొన్నారు. మీరు వద్దంటే “ఇక్కడ మనల్ని ఎవరు చూస్తారు?” అని వేయించారు. ఫొటో తీశారు. చూడరన్న వాళ్లందరికీ గ్రూపులో ఆయనే పంపారు. తీరా మీ అత్తయ్య “మన ఇంటి కోడలికి ఇదేం పద్ధతి” అన్నప్పుడు మజ్జిగ అన్నం కలుపుకుంటూ ఉండిపోయారు. చేసింది ఆయన, పడింది మీరు. హావ్‌లాక్‌లో అందరి ముందు ఏడ్చినదాని కంటే ఇది మిమ్మల్ని ఎక్కువ కోసింది. ఆ రాత్రి నుంచి మీరు ఆయనతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. సాయంత్రాల మౌనం వేరు, ఈ మౌనం వేరు. మీరు రెండింటినీ కలిపేసి పెళ్లే తప్పనుకుంటున్నారు.

మీ అత్తయ్యను నేను వెనకేసుకురావడం లేదు. కానీ ఆ గ్రూపులో ఆమె ఆడపడుచులూ ఉన్నారని రాశారు. వాళ్లలో ఎవరో ఫోను చేసి ఒక మాట అని ఉంటే, ఆమె ఆ మాటను తెచ్చి మీ మీద దించి ఉండవచ్చు. ఏమైనా, ఆమెతో మీరు నేరుగా తేల్చుకోబోకండి. ఆమెకు జవాబు చెప్పవలసింది ఆమె కొడుకు.

ఆయనను అడగండి. పడకగదిలో వద్దు, గోడ అవతల బావగారి కుటుంబం ఉంటుంది కాబట్టి సగం మాటలు మింగుతారు. దుకాణానికి సెలవున్న రోజు బండి మీద ఊరి బయటికి తీసుకువెళ్లమనండి. “నువ్వు ఎప్పుడూ నా పక్షాన ఉండవు” అని మొదలుపెడితే ఆయన పాత లెక్కలు తీస్తారు. ఒక్కటే అడగండి: “ఈసారి ఆ ఫొటో మాట వస్తే ‘ఆ గౌను నేను కొన్నదే, ఫొటో పెట్టింది నేనే, ఏమన్నా ఉంటే నన్ను అనమ్మా’ అని మీరు చెప్పాలి.” ఆయన “అమ్మ సంగతి తెలుసు కదా, వదిలెయ్” అంటారు. నా దగ్గరికి వచ్చే కొడుకుల్లో ఎక్కువ మంది మొదట చెప్పేది ఇదే. వదలకండి. గొంతు పెంచకుండా, అదే మాట మళ్లీ అడగండి. తల్లి ముందు నోరు విప్పడం ఆయనకు ఎంత కష్టమో మీకూ తెలుసు. తడబడుతూ చెప్పినా, సగమే చెప్పినా అది చిన్న విషయం కాదు. ఆ రోజు అత్తయ్య చేత క్షమాపణ చెప్పించుకోవాలని చూడకండి. అడగకుండా మీ ఫొటో ఎక్కడా పెట్టకూడదన్న మాట మాత్రం ఆయన దగ్గర తీసుకోండి.

అమ్మానాన్నలకు ప్రయాణం బాగా జరగలేదని చెప్పండి, దాచవలసిన పని లేదు. “మనసులు కుదరలేదు” అని మాత్రం ఇప్పుడే అనకండి. ఆ మాట వింటే మీ నాన్నగారు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వస్తారు. పంచాయితీలో నిలబెట్టిన మగవాడు భార్యతో మాట్లాడటం ఇంకా తగ్గిస్తాడు. రెండు మూడు సార్లు అడిగినా ఆయన కదలకపోతే, అప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలింగుకు రండి.

ఒక విషయం మీరు రాయలేదు, అడగక తప్పదు. బీచిలో లాగినట్టు ఇంట్లోనూ చెయ్యి పట్టి లాగడం, తోయడం, కొట్టడం ఉందా? డబ్బు మాట కట్నం దాకా వెళుతోందా? ఉంటే పైన చెప్పిన ఓపిక సలహాలన్నీ పక్కన పెట్టి ఈ రోజే మీ అమ్మగారికి చెప్పండి. మహిళల సహాయవాణి 181కి ఫోను చేసినా సహాయం దొరుకుతుంది.

అలాంటిదేమీ లేకపోతే, మళ్లీ ఎక్కడికైనా వెళ్లడానికి విమానం ఎక్కనక్కరలేదు. జమ్మలమడుగు దాటితే గండికోట, మీ ఊరి నుంచి గంట పైచిలుకు ప్రయాణం. పర్యాటక శాఖ వసతి ఉంది, ఒక్క రాత్రి ఉండి రావచ్చు. లోయ అంచున కూర్చుని పెన్నను పై నుంచి చూడవచ్చు, నీళ్లలోకి దిగమని ఎవరూ లాగరు. ఒక్క సాయంత్రమే కాబట్టి మాటలు అయిపోతాయన్న బెంగ ఉండదు. అయిపోయినా తెల్లవారితే ఇంటికి వచ్చేస్తారు. అయితే ఫొటో సంగతి తేలాకే వెళ్లండి, అంతకుముందు ఆయన పిలిచినా వద్దు.