ఆమె అతన్ని ‘నువ్వు’ అన్న రాత్రి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేడమ్, టోల్కిన్ నవల ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సంపుటాలూ ఈమధ్యే పూర్తి చేశాను. నాకు 24 ఏళ్లు. ఎయోవిన్ వయసూ దాదాపు అంతే. అరగోర్న్ కాదన్నాక ఆమె చావును వెతుక్కుంటూ యుద్ధానికి వెళ్లడం చదివి రెండు రోజులు మనిషిని కాలేకపోయాను. ఆ తర్వాత వచ్చింది అసలు కోపం. ఆమె ప్రేమించింది తనను కాదు, కీర్తి అనే నీడను అని అరగోర్న్ ఆమె అన్నకు చెబుతాడు. తర్వాత ఆమెను పెళ్లాడబోయే ఫారమీర్ కూడా దాదాపు అదే మాట ఆమె మొహం మీదే అంటాడు. ఆమె మనసులో ఏముందో ఈ ఇద్దరు మగవాళ్లే తేల్చేస్తే ఎలా? ఆమె ప్రేమ నిజం కాదా?

జవాబు: నిజమే. అందులో నాకు అనుమానం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే మా చెల్లెలి సంగతి చెప్పాలి.

దానికి కంటి ఆపరేషన్ అయినప్పుడు కొన్నాళ్లు పుస్తకం పట్టుకోవద్దన్నారు. చదవకుండా ఉండలేని మనిషి. రోజూ రాత్రి నేను ఇంగ్లిష్ పుస్తకం చేతిలో పెట్టుకుని, చూస్తూ చూస్తూ తెలుగులో చెప్పేదాన్ని. అలా డన్‌హారో ఘట్టం దాకా వచ్చాం.

కథ తెలియనివారికి రెండు మాటలు. రోహన్ రాజు థియోడెన్‌కు ఎయోవిన్ మేనకోడలు. తల్లీ తండ్రీ లేరు. కుంగిపోయిన మేనమామ కుర్చీ పక్కన నిలబడి సేవ చేయడంలోనే ఆమె యవ్వనం గడిచిపోతోంది. గుర్రం, కత్తి రెండూ వచ్చు, వాటితో పని లేదు. అప్పుడు అరగోర్న్ వచ్చాడు. దేశదిమ్మరిలా కనిపించే రాజవంశీకుడు. రాజుల సభలో ఆమె అతనికి పానపాత్ర అందిస్తుంటే వేళ్లు తగిలి ఆమె చెయ్యి వణికింది. ఆ వణుకు అతనికి తెలిసింది. కానీ అతని మనసు అప్పటికే ఆర్వెన్ అనే ఎల్ఫ్ కన్యది. తర్వాత కొద్ది రోజులకే అతను మృతుల దారిలో, ప్రాణాలతో ఎవరూ బయటపడని దారిలో వెళ్లబోతూ డన్‌హారోలో ఒక రాత్రి ఆగాడు. ఆమె వచ్చి తననూ తీసుకెళ్లమంది. అతను వద్దన్నాడు. ‘మీకు దేనికి భయం?’ అని అడిగాడు. పంజరానికి, అంది. ముసలితనం వచ్చి, ఊచలు అలవాటైపోయి, ఏదైనా చేద్దామన్న కోరిక కూడా చచ్చిపోయేదాకా లోపలే ఉండిపోవడానికి. ‘దక్షిణాన మీకు పనేమీ లేదు’ అన్నాడతను చివరికి. దానికి ఆమె జవాబు ఒకే ఒక మాట. ఆ మాట దగ్గర నా నోరు దానంతట అదే, ‘నీ వెంట వస్తున్న మిగతావాళ్లకీ పనేమీ లేదు. నిన్ను వదిలి ఉండలేకే వస్తున్నారు. నువ్వంటే వాళ్లకు ప్రేమ’ అని చెప్పింది.

కంటికి కట్టుతో పడుకున్న చెల్లెలు, ‘ఆగక్కా. ఇందాకటిదాకా మీరు అంటోంది కదా?’ అంది.

వెనక్కి తిప్పి చూశాను. అప్పటిదాకా ఇంగ్లిష్‌లో ‘యూ’ అంటూ వచ్చిన ఎయోవిన్ ఆ వాక్యంలో ‘దీ’ అంది. అంతకుముందు ఈ పుస్తకాన్ని రెండుసార్లు చదివినదాన్ని. ఒక్కసారీ గమనించలేదు. పాత భాష కదా, రాజుల మాటలు అలాగే ఉంటాయని దాటేశాను. మూడో సంపుటం చివర అనుబంధంలో టోల్కిన్ దీన్ని వివరించే ఉన్నారు. యూ నుంచి దౌ, దీ లోకి మారితే కొన్ని చోట్ల అది మర్యాద పిలుపు నుంచి దగ్గరితనంలోకి మారినట్టు గుర్తు అని. ఇంగ్లిష్ పాఠకులకు అనుబంధం కావలసి వచ్చింది. చూపు లేకుండా వింటున్న మా చెల్లెలు ఒక్క క్షణంలో పట్టేసింది. మీరు నుంచి నువ్వులోకి దిగడానికి ఎంత ధైర్యం కావాలో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాడు తెల్లవారుజామున ఆమె యోధుడి దుస్తుల్లో, నడుముకు కత్తితో వచ్చింది. ‘అరగోర్న్, వెళ్తావా?’ అని మళ్లీ నువ్వనే అడిగింది. మోకాళ్ల మీద నిలబడి బతిమాలింది. అతను ఒక్కసారీ ‘మీరు’ దాటలేదు. ఆమెను చెయ్యి పట్టి లేపి, ఆ చేతిని ముద్దాడి, గుర్రం ఎక్కి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆమె ‘నేను ప్రేమిస్తున్నాను’ అని చెప్పలేదు చూడండి. ‘వాళ్లు నిన్ను ప్రేమిస్తున్నారు’ అంది. తన ప్రేమను వాళ్ల ప్రేమ పక్కన నిలబెట్టి, వాళ్లకున్న హక్కే తనకూ ఉందంది. గొప్ప నాయకుడి మీద పడుచు సైనికుడికి ఉండే ఆరాధనలా ఉంది నీ ప్రేమ అని తర్వాత ఫారమీర్ అంటాడు. పోలిక సరైనదే అనుకుందాం. అయితే ఆ సైనికుడి ప్రేమను అబద్ధమని ఎవరూ అనలేదే! వాళ్లు ఆ ప్రేమతోనే మృతుల దారిలో నడిచారు. గుర్రం ఎక్కి వెంట వెళ్లే దారి వాళ్లకుంది. ఆమెకు ఆ దారి మూసేశారు. భార్యగా తప్ప ఇంకోలా అతని పక్కన ఉండే వీలు లేకపోయింది. ఇక మిగిలింది మారువేషం, డెర్న్‌హెల్మ్ అనే మగ పేరు.

నిజానికి ఆమె పక్షాన మాట్లాడినవాడు మాంత్రికుడు గాండాల్ఫ్. యుద్ధంలో గాయపడి పడుకున్న ఆమె మంచం పక్కన, ఆమె అన్నతో అన్నాడు: నీకు గుర్రాలున్నాయి, యుద్ధాలున్నాయి, విశాలమైన మైదానాలున్నాయి. నీతో సమానమైన ధైర్యం ఉన్న ఈ పిల్ల మాత్రం ఒక ముసలాయన చేతికర్రకున్న గౌరవం కూడా తనకు లేదనుకుంటూ బతికింది. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఫారమీర్ విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవించను. అతను ఆమె మొహం మీదే అన్నాడు, నిజమే. ఆమెకు జవాబు చెప్పే వీలిచ్చి మరీ అన్నాడు. జాలి వద్దని ఆమె అంటే, నాది జాలి కాదన్నాడు. ఆ తర్వాత వాక్యంలో రచయిత, ఎయోవిన్ మనసు మారింది, లేదా చివరికి తన మనసు తనకు అర్థమైంది అంటారు. ఆ ‘లేదా’ దగ్గర ఆయన తీర్పు చెప్పలేదు. తర్వాతెప్పుడో ఒక పాఠకుడికి జవాబు రాస్తూ మాత్రం, అరగోర్న్ మీద ఆమె భావాలు పెద్దగా మారాయని తాను అనుకోనన్నారు. వేరువేరు తీరుల్లో ఒకరికంటే ఎక్కువమందిని ప్రేమించడం సాధ్యమేనన్నారు. కాబట్టి మీరు నమ్మిన ప్రేమ అక్కడే ఉంది. పెళ్లితో అది కొట్టుకుపోలేదు.

ప్రశ్న: దేవయాని కచుణ్ణి శపించింది. ఆర్థర్ రాజు కథల్లో ఆస్టొలాట్ కన్య ఎలేన్ ఏమో యోధుడు లాన్సలాట్ కాదన్నాడని తిండి మానేసి చనిపోయింది. ప్రేమ దక్కకపోతే చనిపోవడాన్ని ఇన్ని వందల ఏళ్లుగా అందమైన కథగా చెప్పుకోవడం నాకు భయం పుట్టిస్తోంది. మీరేమంటారు?

జవాబు: మీ భయం న్యాయమైనదే. పడవలో పూల మధ్య పడుకున్న శవాన్ని బొమ్మలుగా గీసి గీసి, ఆ అమ్మాయి బతికుండగా ఏమడిగిందో మనం మరిచిపోయాం. అందుకే ఎలేన్ దగ్గరికి వెళ్లాలనుకునేవారిని 1859లో వచ్చిన టెనిసన్ కవిత కంటే ముందు, 1485లో కాక్స్‌టన్ అచ్చువేసిన మాలరీ పుస్తకం చూడమంటాను. మాలరీ ఎలేన్ మెతక మనిషి కాదు. పోటీలో తన గుర్తుగా ముత్యాలు కుట్టిన ఎర్రటి దుస్తుల చేతిముక్కను శిరస్త్రాణానికి కట్టుకోమని ఆమే అడిగింది. అతను ఒప్పుకున్నది ప్రేమతో కాదు. ఏనాడూ ఏ స్త్రీ గుర్తూ ధరించనివాడు కాబట్టి, ధరిస్తే తనను ఎవరూ పోల్చుకోరని. ఆ అమ్మాయి ఆశకు విత్తనం ఆ మారువేషమే. నాకు లాన్సలాట్ మీద కోపం ఉంటే అది అక్కడే ఉంది, కాదన్న చోట కాదు.

అతను గాయపడితే రాత్రింబగళ్లు సేవ చేసి బతికించింది. తర్వాత తనను పెళ్లి చేసుకోమని సూటిగా అడిగింది. కుదరదన్నాడు. మంచి యోధుణ్ణి చేసుకుంటే ఏటా 1,000 పౌండ్లు ఇస్తానన్నాడు. ప్రేమకు బదులు డబ్బు మాట వినాల్సి రావడం కంటే నరకం ఉండదు.

ఇక్కడ ఒక చిన్న సంగతిని చాలామంది దాటేస్తారు. ఎలేన్ అన్నదమ్ముల్లో లవేన్ అనే కుర్రాడున్నాడు. లాన్సలాట్‌ను చూసిన రోజు నుంచి అతన్ని వదల్లేకపోయాడు. మా ఎలేన్ చేస్తున్నదీ నేను చేస్తున్నదే, ఆయన్ను మొదటిసారి చూసినప్పటి నుంచీ నేనూ విడిచి ఉండలేకపోతున్నాను అని తండ్రితో చెబుతాడు. చెప్పి, లాన్సలాట్ వెంట వెళ్లిపోతాడు. ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకే మనిషి మీద ప్రేమ. ఒకరికి గుర్రం, ఒకరికి పడవ. ఎయోవిన్ డన్‌హారోలో అన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

చనిపోయే ముందు ఎలేన్ తన సోదరుడి చేత ఉత్తరం రాయించింది. దాన్ని కుడిచేతిలో పెట్టి, పడవలో వెస్ట్‌మినిస్టర్ పంపమంది. అందులో ఆమె కోరింది తన ఆత్మ కోసం ప్రార్థించాలని, తనను పాతిపెట్టాలని, అంతే. శాపం లేదు. ఉత్తరం విన్నాక అతను, ప్రేమ హృదయంలోంచి దానంతటదే పుట్టాలి, బలవంతంతో రాదు అంటాడు. ఆ మాట నిజం. కానీ ఆ నిజం వినడానికి ఆ పిల్ల లేదు. ఈ కథలో నాకు అందం కనిపించదు. ఆమెను ఆపగలిగిన పని ఒక్కటీ ఆమె చేతిలో లేకపోవడమే కనిపిస్తుంది.

ప్రశ్న: టోల్కిన్ మొదట ఎయోవిన్‌ను అరగోర్న్‌కే ఇచ్చి పెళ్లి చేద్దామనుకున్నారని విన్నాను. నిజమా?

జవాబు: నిజమే. ఆయన చిత్తుప్రతులను కొడుకు క్రిస్టఫర్ అచ్చు వేయించారు. ఆ సంపుటం 1989లో వచ్చింది. అందులో ఇద్దరికీ పెళ్లి అన్న ఆలోచన ఉంది. అప్పటికి ఆర్వెన్ ఇంకా పుట్టనేలేదు. తర్వాత అరగోర్న్ ఆమెకు మరీ పెద్దవాడు, గంభీరుడు అని మానేశారు. ఆమెను యుద్ధంలో చంపేసి, అరగోర్న్ ఆ తర్వాత పెళ్లే చేసుకోలేదని రాద్దామని కూడా ఒక దశలో అనుకున్నారు. ఆమెను బతికించినందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

ప్రశ్న: మేడమ్, ఎయోవిన్ ఏడుస్తుంటే అరగోర్న్ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. అంత రాయి గుండా?

జవాబు: ఆ వాక్యాన్ని చివరిదాకా చదవండి. వెనక్కి చూడలేదు, అతన్ని బాగా ఎరిగినవాళ్లకు మాత్రమే అతని బాధ కనిపించింది అని ఉంటుంది. టెనిసన్ కవితలోనూ ఇలాంటి చోటు ఉంది. ఎలేన్ తండ్రి, కాస్త కటువుగా ఉంటేనే మా అమ్మాయి ఆశ వదులుకుంటుంది అని లాన్సలాట్‌ను అడుగుతాడు. అతను వీడ్కోలు చెప్పకుండా, కిటికీలో ఆమె ఉందని తెలిసీ తల ఎత్తకుండా వెళ్లిపోతాడు. ఎదుటి మనిషిలో ఆశ పెంచకూడదనుకున్నవాడు ఆ ఒక్క చూపును కూడా ఆపుకోవాలి. తర్వాత అరగోర్న్ స్వయంగా చెబుతాడు, ఇంత ధైర్యవంతురాలి ప్రేమను తిరిగి ఇవ్వలేకపోవడం కంటే మగవాడి మనసుకు చేదు అనుభవాలు తక్కువ అని. మృతుల దారిలో తనకు అన్నిటికంటే ఎక్కువ భయం ఆమెకు ఏమవుతుందోననే అని.

ఇంకో చోటు కూడా చూపిస్తాను. యుద్ధం అయిపోయింది. అరగోర్న్ రాజయ్యాడు, ఆర్వెన్‌తో పెళ్లయింది. థియోడెన్ అంత్యక్రియల తర్వాత ఎయోవిన్, ఫారమీర్‌ల నిశ్చితార్థం అందరి ముందూ ప్రకటించారు. ఎయోవిన్ రాజు కళ్లలోకి చూసి, నేను సుఖంగా ఉండాలని దీవించండి అని అడిగింది. అతను జవాబిచ్చాడు.

అప్పటికి మా చెల్లెలి కంటికట్టు విప్పేశారు. అయినా చివరి అధ్యాయాలు నన్నే చెప్పమంది. ఆ జవాబు దగ్గరికి రాగానే ఈసారి నేనే ఆగి, పుస్తకం దాని చేతికిచ్చాను. ఇంగ్లిష్ వాక్యం మీద వేలు పెట్టి మెల్లగా చదివింది. నిన్ను మొదటిసారి చూసినప్పటి నుంచీ నీ సుఖమే కోరుకున్నాను, అన్నాడతను. డన్‌హారోలో ఆమె ఎంత అడిగినా ‘మీరు’ దాటని మనిషి.

‘నువ్వన్నాడక్కా’ అంది మా చెల్లెలు.