గీరుకుపోయిన ట్రక్కు రిమ్ములు: పూత పోయిందా, లోహం పగిలిందా?

అమెరికా నుంచి సెలవు మీద అనంతపురం వచ్చి పది రోజులైంది. నిన్న సాయంత్రం పక్కింటి అక్క ఫోను పట్టుకొని వచ్చి, "చూడు తమ్ముడూ, పిల్లోడు డాలస్‌లో పాత పికప్ ట్రక్కు కొన్నాడంట, చక్రాలు ఇట్లా గీరుకుపోయినాయంట, అన్నీ మార్చాల్సిందేనని ఎవరో చెప్పినారంట" అని దిగులుగా ఫోటోలు చూపించింది. ఆ అబ్బాయికి ఫోనులో చెప్పిన సంగతులే, మన కర్నూలు, కడప, అనంతపురం వైపుల నుంచి కొత్తగా అమెరికా చేరి మొదటిసారి వాడిన ట్రక్కు కొనుక్కునే వారందరికీ పనికివస్తాయని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఫోటోల్లో దెబ్బతిన్న చక్రాలు రెండే, రెండూ కుడివైపువే. అందుకు కారణం ఉంది. ఇక్కడ స్టీరింగు కుడివైపు కనుక బండి ఎడమ అంచు ఎంత దూరంలో ఉందో మన కంటికి అలవాటై ఉంటుంది. అక్కడ స్టీరింగు ఎడమకు మారుతుంది, రోడ్డు పక్కన దాదాపు ఆరంగుళాల ఎత్తుండే కర్బ్ అనే కాంక్రీటు గట్టు కుడివైపుకు వస్తుంది, పైగా ట్రక్కు వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆ గట్టు డ్రైవరుకు కనబడదు. అక్కడే పుట్టి పెరిగిన వారూ కుడి చక్రాలనే ఎక్కువగా రాపిడికి గురిచేస్తారు. అందువల్ల వాడిన ట్రక్కు చూడటానికి వెళ్లినప్పుడు ముందుగా కుడి పక్కన కూర్చుని రెండు రిమ్ముల అంచులూ వేలితో తడిమి చూడండి.

గీతను బాగుచేయడానికి ముందు అది పూత వరకే పోయిందా, లోహానికే దెబ్బ తగిలిందా తేల్చుకోవాలి. చిన్నప్పుడు మా నాయన వెంట గుత్తి రోడ్డులోని లారీ షెడ్డుకు వెళ్లేవాణ్ణి. ఇనుప రిమ్ము అంచు వంగితే మేస్త్రీ దాన్ని నేల మీద పడేసి, సుత్తితో కొట్టి గుండ్రంగా తెచ్చి, ఆ పూటే బండికి ఎక్కించేవాడు. అల్లాయ్ చక్రానికి ఆ పద్ధతి పనికిరాదు. అది అల్యూమినియంలో సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి పోతపోసి, ఆపైన వేడితో గట్టిపరిచిన లోహం. దాన్ని మళ్లీ కాల్చినా, వెల్డింగు చేసినా ఆ చోట గట్టితనం తగ్గుతుంది, సుత్తితో కొడితే పగిలే ప్రమాదం ఉంది. బయటి అంచున పూత లేచి, ఇసుక రాసినట్టు గరుకుగా మాత్రమే ఉంటే అది ఇంట్లో చేసుకోగల పని. గుంత లోతుగా ఉన్నా, అంచు వంగినా, జాకీ మీద ఎత్తి తిప్పినప్పుడు చక్రం ఊగినా, లోపలి వైపు సన్నని పగులు కనిపించినా పుట్టీ జోలికి పోకుండా చక్రాల నిపుణుడికి చూపించాలి. పగులు ఉంటే ఆ రిమ్మును మార్చేయడమే నా సలహా.

ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవమే కారణం. నా మొదటి ట్రక్కును ఒక డీలరు దగ్గర కొన్నాను. చక్రాలు కొత్తవాటిలా మెరుస్తుంటే సంతోషపడ్డాను. తర్వాత కుడి వెనక టైరులో వారం వారం గాలి తగ్గసాగింది. టైరులో మేకు లేదు, వాల్వు బాగానే ఉంది. చివరికి చక్రం ఊడదీసి సబ్బు నీళ్లు పోస్తే, రిమ్ము లోపలి అంచు దగ్గర వెండి రంగు పూత కింద నుంచి ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. గోటితో గీరగానే పుట్టీ పెచ్చుగా ఊడింది, దాని కింద దాదాపు రెండంగుళాల పగులు బయటపడింది. అడుగుదామంటే, డీలర్లు 1985 నుంచి ఫెడరల్ నిబంధన ప్రకారం కిటికీకి అంటించవలసిన బయ్యర్స్ గైడ్ కాగితంలో "యాజ్ ఈజ్" అన్న గడికి టిక్కు ఉంది. అంటే కొన్నాక వచ్చే మరమ్మతుల ఖర్చు కొన్నవారిదే. సంతకానికి ముందే ఆ కాగితం చదవండి.

రిమ్ము మీద ఉన్న పూత ఏ రకమో కూడా చూసుకోవాలి. రంగు వేసి పైన క్లియర్ కోటు అనే పారదర్శకమైన పూత కొట్టిన చక్రం మన చేతికి లొంగుతుంది. ముఖం మీద గ్రామఫోను రికార్డులో లాగా సన్నని వలయాలు కనిపిస్తే అది లేతు మీద కోసిన చక్రం, ఎమరీ కాగితంతో ఆ వలయాలు తిరిగి రావు, దుకాణానికే ఇవ్వాలి. అద్దంలా మెరిసే క్రోమును అసలు రుద్దవద్దు, లేచిన క్రోము పెచ్చు బ్లేడులా వేలు కోస్తుంది.

ఇక పని విషయానికి వస్తే, అపార్ట్‌మెంట్ పార్కింగులో మొదలుపెట్టకండి. చాలా లీజుల్లో అక్కడ బండి మరమ్మతులు చేయకూడదని రాసి ఉంటుంది, పైగా స్ప్రే తుంపరలు పక్క కారు మీద పడితే అదొక తగవు. తెలిసిన వారి గరాజులో తలుపు తెరిచి చేసుకోవడం మేలు. సమతలంగా ఉన్న చోట ట్రక్కు నిలిపి, ఎదుటి చక్రాలకు అడ్డం పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేసి, తర్వాత జాకీతో ఎత్తి కింద స్టాండు పెట్టండి. ఊడదీసిన చక్రాన్ని సబ్బుతో కడిగి, బ్రేకుల నల్లని పొడీ జిడ్డూ పూర్తిగా పోయేలా తుడవండి, జిడ్డు మీద ఏ రంగూ నిలవదు. టైరులో గాలి కొంత తీసి, రిమ్ముకూ టైరుకూ మధ్య పేక ముక్కలు వరుసగా దోపితే టైరుకు రంగు అంటదు. లేచిన లోహపు ముళ్లను సన్న ఆకురాయితో తీసి, 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి, 240, ఆపైన 400తో నీళ్లు చల్లుతూ రుద్దండి. షెడ్డులో పెయింటరు కళ్లు మూసుకొని అరచేతితో తడిమేవాడు; కంటికి కనబడని మెట్టు చేతికి తెలుస్తుందని చెప్పేవాడు. ఈ పనిలో అంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. చిన్న గుంతలకు పుట్టీ పలుచగా పెట్టి, ఆరాక మళ్లీ రుద్ది, అల్యూమినియంకు పట్టే ప్రైమరును ఆ రోజే కొట్టండి.

రంగు ఒక్క దెబ్బకు కమ్మేయకుండా, మూడు నాలుగు పలుచని పూతలుగా వేయాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురం పొడి గాలిలో కుదిరిన పని హ్యూస్టన్ తేమలో కుదరదు, క్లియర్ కోటు పాల రంగుకు తిరుగుతుంది. టెక్సాస్ వేసవి మధ్యాహ్నమైతే రంగు చక్రాన్ని తాకకముందే ఆరి పొడిలా పడుతుంది. తేమ తక్కువగా ఉన్న చల్లని పూట చూసుకోండి. గట్టిపరిచే హార్డెనర్‌తో కలిపే రెండు భాగాల క్లియర్ కోటులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. తగిన మాస్కు లేనివారు ఒకే భాగంగా వచ్చే డబ్బాతో సరిపెట్టుకోవాలి.

నట్లు కూర్చునే గుంతల్లోనూ, చక్రాన్ని బిగించే హబ్బుకు ఆనుకునే వెనక ముఖం మీదా రంగు పడకుండా ముందే టేపు అంటించండి. అక్కడ పూత ఉంటే అది నలిగి నట్లు వదులవుతాయి. బిగించేటప్పుడు ఒక నట్టు తర్వాత దాని ఎదుటి నట్టు చొప్పున, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితో బిగించాలి. 2015 నుంచి 2020 వరకు వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150కి 150 అడుగు-పౌండ్లు, షెవర్లే సిల్వరాడో 1500కి 140, 2016 నుంచి 2023 వరకు వచ్చిన టయోటా టకోమా అల్లాయ్ చక్రాలకు 83. మీ బండి అంకెను దాని పుస్తకంలో సరిచూసుకోండి. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి.

అక్క కొడుకు విషయంలో, ముందు చక్రం గీతలు పూత వరకే ఉన్నాయి, వచ్చే శనివారం తనే చేసుకోవచ్చని చెప్పాను. వెనక చక్రం అంచున మాత్రం గుంత లోతుగా కనిపించింది. దాన్ని ఊడదీసి, లోపలి వైపు సబ్బు నీళ్లు పోసి వీడియో పంపమన్నాను. అది తేలేదాకా ట్రక్కు అడుగున వేలాడే స్టెప్నీని దించి, గాలి సరిచూసి, దాని మీదే నెమ్మదిగా తిరగమన్నాను.