నోట్లో పుండ్లు, ఒంటి మీద నీటి పొక్కులు... రిపోర్టులో ఈ డెస్మోగ్లీన్ ఏమిటి?

ప్రశ్న: మా అమ్మకు 48 ఏళ్లు. నాలుగు నెలలుగా నోట్లో పుండ్లు తగ్గడం లేదు. ఇప్పుడు వీపు, ఛాతీ మీద నీటి పొక్కులు లేచి పగిలిపోతున్నాయి. బంధువులు సర్పి అంటున్నారు. స్కిన్ డాక్టర్ బయాప్సీ చేయించి పెంఫిగస్ వల్గారిస్ అన్నారు. రక్తపరీక్షలో డెస్మోగ్లీన్ 1, 3 యాంటీబాడీలు పాజిటివ్ వచ్చాయి. ఇది పిల్లలకు అంటుకుంటుందా? స్టెరాయిడ్లు వాడాలంటే భయంగా ఉంది.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పిల్లల గురించి టెన్షన్ వద్దు. ఇది అంటువ్యాధి కాదు. అమ్మగారి పక్కన పడుకున్నా, ఆమె కంచంలో తిన్నా ఎవరికీ రాదు. సర్పి వైరస్ వల్ల వస్తుంది. సాధారణంగా ఒంటికి ఒక పక్కనే పట్టీలా లేచి, కొన్ని వారాల్లో మానిపోతుంది. ఇలా నెలల తరబడి నోట్లో ఉండిపోదు.

చర్మం పైపొరలో కణాలు టిచ్ బటన్లు పెట్టినట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్లది. మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి వాటి మీద యాంటీబాడీలు తయారు చేస్తే పట్టు ఊడిపోతుంది. ఆ సందుల్లో నీరు చేరి పొక్కు లేస్తుంది. పెంఫిగస్ వల్గారిస్ అంటే ఇదే. దాని పైతోలు చాలా పల్చన, జాకెట్టు రాసుకున్నా చిట్లుతుంది.

నోటి లోపలి పొరకు ప్రధాన ఆధారం డెస్మోగ్లీన్ 3. చర్మంలో 1, 3 రెండూ ఉంటాయి కాబట్టి, 3 దెబ్బతిన్నా 1 కాపు కాస్తుంది. అందుకే 3 మీద మాత్రమే దాడి జరిగినన్నాళ్లు జబ్బు నోటికే పరిమితం. 1 మీద కూడా మొదలయ్యాక ఒంటికి పాకుతుంది. అమ్మగారి విషయంలో జరిగింది బహుశా ఇదే. చాలామంది వేడి చేసిందనుకుని బీ కాంప్లెక్స్ మాత్రలతో నెలలు గడిపేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధ. నోటి పుండు మూడు వారాలు దాటితే ఎవరైనా సరే డాక్టర్‌కు చూపించి తీరాలి.

(పెద్ద వయసువారికి విపరీతమైన దురద, గట్టిగా బిగిసిన పొక్కులు వస్తే అది బుల్లస్ పెంఫిగాయిడ్ అనే వేరే పొక్కుల జబ్బు కావచ్చు. అందులో దాడి జరిగేది పైపొరను కిందిపొరకు అతికించే బీపీ180, బీపీ230 ప్రోటీన్ల మీద. షుగర్‌కు వాడే విల్డాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ మాత్రల వల్ల కూడా కొందరికి ఇది రావచ్చు, అవి వాడుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి.)

ఇక స్టెరాయిడ్లు. అవి రాకముందు ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమంది బతికేవారు కాదు. ఇప్పుడు వాటికి తోడు, యాంటీబాడీల తయారీకి మూలమైన బీ కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఈ జబ్బుకు దాన్ని ఆమోదించింది. ఇచ్చేముందు హెపటైటిస్ బీ, టీబీ పరీక్షలు చేయిస్తారు. ఈ ఇంజెక్షన్ వల్ల స్టెరాయిడ్ డోసు త్వరగా తగ్గించే వీలుంటుంది. అయితే స్టెరాయిడ్‌ను సొంతంగా, ఒక్కసారిగా మాత్రం ఆపకండి, ప్రాణం మీదకు వస్తుంది. షుగర్, బీపీ చూపిస్తూ ఉండండి. ఎముకలకు కాల్షియం, విటమిన్ డి అవసరమేమో అడగండి.

కొన్నాళ్లు పచ్చళ్లు, కారం, గట్టి జంతికలు పక్కన పెట్టి, చల్లటి పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టండి. పొక్కుల మీద పసుపు, ఆకు పసర్లు పూయొద్దు. జ్వరం వచ్చినా, పుండ్లలో చీము కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తగ్గాక మళ్లీ పరీక్ష చేస్తే డెస్మోగ్లీన్ 3 ఇంకా పాజిటివ్‌గానే ఉండొచ్చు. కంగారు పడొద్దు, కొందరిలో అది అలాగే కొనసాగుతుంది. మీ డాక్టర్ రిపోర్టు ఒక్కదాన్నే కాక అమ్మగారి నోరు, చర్మం ఎలా ఉన్నాయో కూడా చూసి డోసు నిర్ణయిస్తారు.