రూమ్మేట్ నా గేమ్ కార్డులు అమ్ముకున్నాడు, పోలీసులు కేసు తీసుకుంటారా?

ప్రశ్న: మాది హనుమకొండ. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. 2021 నుంచి స్ప్లింటర్‌లాండ్స్ అనే ఆన్‌లైన్ కార్డు గేమ్ ఆడుతున్నాను, కార్డుల మీద ఇప్పటికి 62 వేల దాకా పెట్టాను. ఆఫీసు పనితో తీరిక దొరక్క, రాత్రిళ్లు నా అకౌంట్‌తో ఆడి వచ్చినదాంట్లో సగం తీసుకోమని రూమ్మేట్‌కి చెప్పి అకౌంట్ కీలు (పాస్‌వర్డ్ లాంటివి) వాట్సాప్‌లో పంపాను. గత నెల ఒక రోజు పొద్దున చూస్తే 143 కార్డులు లేవు. అడిగితే "కీ నువ్వే ఇచ్చావ్ కదా, గిఫ్ట్ చేశావని రికార్డులో కూడా ఉంది" అంటున్నాడు. పోలీసుల దగ్గరికి వెళ్తే ఆన్‌లైన్ గేమ్ ఆడినందుకు నా మీదే కేసు పెడతారని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. నాన్నకి ఇంకా చెప్పలేదు, చాలా టెన్షన్‌గా ఉంది. ట్యాక్స్ కూడా ఎప్పుడూ కట్టలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు మిగిలిన కార్డుల సంగతి చూడండి. ఇది చదవడం ఆపేసి అయినా సరే, హైవ్ (ఈ గేమ్ లావాదేవీలు నమోదయ్యే బ్లాక్‌చైన్) అకౌంట్ మాస్టర్ పాస్‌వర్డ్ మార్చేయండి, దాంతో కీలన్నీ మారిపోతాయి. మీరు నమ్మి పంపిన కీ అవతలివాళ్ల ఫోన్‌లో ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

ఇక అసలు విషయం. "గేమ్ కార్డులే కదా" అని అనుకోకండి. 62 వేలు పెట్టి కొన్నవి, మార్కెట్లో ఎవరైనా డబ్బిచ్చి కొనేవి, మీ అకౌంట్ పేరు మీద రికార్డు ఉన్నవి, అవి మీ ఆస్తి. పాత ఐపీసీలో చరాస్తి అంటే భౌతికంగా కంటికి కనపడే వస్తువు అన్న అర్థం వచ్చే మాట ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లో, సెక్షన్ 2(21)లో, ఆ మాట తీసేశారు. భూమి, భూమికి అతుక్కుని ఉన్నవి తప్ప ఏ రకం ఆస్తయినా చరాస్తే. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు కూడా వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో ఇరుక్కుపోయిన ఒక మదుపరి కాయిన్ల కేసులో క్రిప్టో ఆస్తేనని, దాన్ని నమ్మకం మీద మరొకరి దగ్గర ఉంచవచ్చని స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు కాయిన్ల గురించి, తెలంగాణ కోర్టులు దాన్ని పాటించి తీరాలనీ లేదు, కానీ మన వాదనకి గట్టి ఆధారమే.

మీ రూమ్మేట్ మాటలో ఒక్క ముక్క నిజమే, అదే మీకు ప్రమాదం. స్ప్లింటర్‌లాండ్స్‌లో ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి కార్డు ఊరికే పంపితే హైవ్ చైన్‌లో అది "ఎస్ఎం గిఫ్ట్ కార్డ్స్" అనే పేరుతోనే ఎక్కుతుంది. కింద సంతకం మీ యాక్టివ్ కీది, అంటే కార్డులు బయటికి పంపడానికి కావాల్సిన కీది. చూసేవాళ్లకి మీరే ప్రేమగా ఇచ్చినట్టు ఉంటుంది. కానీ అది ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు పెట్టుకున్న పేరు, అంతే. చట్టం దృష్టిలో దానం అంటే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 122 ప్రకారం యజమాని తన ఇష్టంతో, ప్రతిఫలం లేకుండా ఇవ్వాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. మీరు నిద్రలో ఉండగా మీ కీతో వేరేవాళ్లు నొక్కిన బటన్ మీ ఇష్టం ఎలా అవుతుంది? ఇంటి తాళం ఇచ్చి మొక్కలకి నీళ్లు పోయమంటే బీరువా ఖాళీ చేసి "తాళం నువ్వే ఇచ్చావ్" అన్నట్టుంది ఇది.

అందుకే మీ కేసంతా చైన్ రికార్డు మీద కాదు, మీ వాట్సాప్ మీద నిలబడుతుంది. "నువ్వు ఆడు, వచ్చినదాంట్లో సగం నీది" అన్న మీ మెసేజ్ ఉందా? దానికి అతను "సరే" అన్నాడా? అది ఉంటే చాలు, ఆడటానికే ఇచ్చారని, అమ్మడానికి కాదని తేలుతుంది. ఆ చాట్ దయచేసి డిలీట్ చేయకండి, కోపంలో బ్లాక్ కూడా చేయకండి. ఇక్కడ ఒక మాట బాధతోనే చెప్పాలి. బ్యాటిల్ ఆడటానికి పోస్టింగ్ కీ ఒక్కటే చాలు, కార్డులు బయటికి పంపాలన్నా అమ్మాలన్నా యాక్టివ్ కీ కావాలి. రెండూ 5తో మొదలయ్యే పొడుగాటి అక్షరాల వరసలే కాబట్టి తేడా తెలియక రెండూ పంపేశారు. అది పొరపాటే, నేరం కాదు. అవతలివాళ్లు చేసిన పని దానివల్ల ఒప్పు అయిపోదు.

కంప్లయింట్ ఇలా రాయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో, లేదంటే 1930కి ఫోన్ చేసి నమోదు చేయించి, ఆ నంబరు పట్టుకుని సైబర్ క్రైమ్ స్టేషన్‌కి వెళ్లండి. అమ్మిన డబ్బు రూపాయలుగా మారి అతని బ్యాంకు ఖాతాలోకి చేరి ఉంటే దాన్ని నిలిపే అవకాశం ఉంటుంది, ఇప్పటికే నెల గడిచింది కాబట్టి ఇంకొక్క రోజు కూడా ఆగకండి. సెక్షన్లు రెండు ముఖ్యం. నమ్మి అప్పగించిన ఆస్తిని సొంతానికి వాడుకున్నందుకు బీఎన్ఎస్ 316, దానికి ఐదేళ్ల దాకా శిక్ష. మీ పాస్‌వర్డ్ లాంటి గుర్తింపును దురుద్దేశంతో వాడినందుకు సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 66సీ, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కంప్లయింట్‌లో "గేమ్‌లో కార్డులు పోయాయి" అని మొదలుపెట్టకండి, ఎస్సైగారు అక్కడే నవ్వి పంపించేస్తారు. "నాకు చెందిన 143 డిజిటల్ ఆస్తులు, కొన్న విలువ ఇంత, ఫలానా తేదీన ఫలానా టైముకి నా అనుమతి లేకుండా ఫలానా అకౌంట్‌కి బదిలీ అయ్యాయి" అని మొదలుపెట్టండి. ప్రతి బదిలీకీ హైవ్‌లో 40 అక్షరాల ట్రాన్సాక్షన్ ఐడీ, బ్లాక్ నంబరు ఉంటాయి, అవి ఎవరైనా చూడవచ్చు, ఎవరూ చెరపలేరు. పేజీ పేజీ ప్రింట్ తీసి జత చేయండి. కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా ఉండాలి, అది మీ వకీలు తయారు చేయిస్తారు. కార్డులు ఈపాటికి వేరే దేశంలో ఎవరో కొనేసి ఉంటారు, అవే కార్డులు వెనక్కి వస్తాయని ఆశ పెట్టుకోకండి. వాటి విలువ రూమ్మేట్ నుంచి రాబట్టుకోవడానికి సివిల్ దావా వేరే వేయాలి, గడువు మూడేళ్లు. ముందు ఒక లీగల్ నోటీసు ఇప్పించండి. ఇలాంటి కేసుల్లో నోటీసు అందాక ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని తేల్చుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక మీ భయం, మీ మీదే కేసు పెడతారా అని. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటల్ని నిషేధించింది. పందెం అంటే రూపాయలే కాదు, డబ్బు పెట్టి కొన్న టోకెన్లు, కాయిన్లు, గేమ్‌లో వస్తువులు కూడా అని ఆ చట్టం విడమరిచి చెప్పింది. అందుకే "మేం డబ్బులు పెట్టట్లేదు, డీఈసీ (ఆ గేమ్ టోకెన్) పెడుతున్నాం" అన్న వాదన నిలబడదు. కానీ ఆ చట్టంలో శిక్షలు ఆట నడిపేవాళ్లకి, ప్రకటనలు ఇచ్చేవాళ్లకి, డబ్బు లావాదేవీలు జరిపించేవాళ్లకి. ఆడేవాళ్లకి శిక్ష వేసే సెక్షన్ అందులో లేదు. మీరు జాగ్రత్తగా ఉండాల్సింది మన రాష్ట్ర చట్టంతో. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించి, నైపుణ్యం ఆటలకి ఉన్న మినహాయింపు తీసేసింది. ఫలితం తెలియని దాని మీద డబ్బు ఒడ్డితే అది గేమింగే, ఆట ఎంత తెలివితో ఆడేదైనా సరే. ఆంధ్రప్రదేశ్ కూడా 2020లో ఇదే దారి పట్టింది.

మామూలు ర్యాంక్డ్ బ్యాటిల్‌లో ఓడినా మీ కార్డు మీ దగ్గరే ఉంటుంది, కాబట్టి ఏదీ ఒడ్డలేదని వాదించే వీలుంది. ఎంట్రీ ఫీజు కట్టి ఆడే టోర్నమెంట్లకి ఆ వీలు లేదు, అవి ఈరోజే మానేయండి. మీ కంప్లయింట్ కార్డుల బదిలీ గురించి, అంతవరకే రాయండి. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి. పోయిన ఆస్తి మీదని చెప్పుకోవడానికి మీరు భయపడాల్సిన పని లేదు.

ట్యాక్స్ సంగతి కొంచెం చేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి టోకెన్లు, ఎన్ఎఫ్‌టీ (బ్లాక్‌చైన్‌లో నమోదైన డిజిటల్ ఆస్తి) కార్డులు అమ్మితే వచ్చే లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. ఆరు వేలకి కొన్న కార్డు 24 వేలకి అమ్మితే లాభం 18 వేలు, పన్ను 5,400, సెస్సుతో 5,616. అదే ఏడు ఇంకో కార్డు మీద 20 వేలు పోయినా తీసివేయనివ్వరు, మరుసటి ఏడుకీ మోయనివ్వరు. కార్డుల అద్దె, నెట్ బిల్లు ఖర్చుగా చూపడం కుదరదు, కొన్న ధర ఒక్కటే. మొత్తం ఆదాయం పరిమితి లోపే ఉంది కదా అన్నా ఈ 30 శాతానికి అది వర్తించదు. గెలిచి తెచ్చుకున్న టోకెన్లకి వచ్చిన రోజు విలువ రాసి ఆదాయంగా చూపించమని నా సలహా, తర్వాత అమ్మినప్పుడు తేడా మీద మాత్రమే లెక్క వస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కానీ భారం ఇదే.

ఐటీఆర్-1 వేస్తూ వచ్చి ఉంటే అందులో వీటికి చోటే లేదు. జీతం ఉన్నవాళ్లు ఐటీఆర్-2లో వీడీఏ (వర్చువల్ డిజిటల్ ఆస్తుల) షెడ్యూల్ నింపాలి. వదిలేసిన సంవత్సరాలకి అప్‌డేటెడ్ రిటర్న్ వేసే గడువు ఇప్పుడు 48 నెలలు. మొదటి ఏడాదిలో వేస్తే కట్టాల్సిన పన్ను, వడ్డీ మీద 25 శాతం అదనం, ఆలస్యమయ్యేకొద్దీ అది 70 దాకా పోతుంది. మీ లావాదేవీలన్నీ బహిరంగ చైన్‌లో ఉన్నాయి, పైగా రేపు కేసులో "ఇవి నా ఆస్తులు" అని ప్రమాణం చేయబోతున్నారు. అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న "మరి రిటర్న్‌లో చూపించారా?" అనే. అందుకని కంప్లయింట్ ఇచ్చిన వారంలోనే ఒక ఆడిటర్‌ని కలవండి, 2021 నుంచి కొన్నవీ అమ్మినవీ తేదీలవారీగా ఎక్సెల్‌లో దించుకుని వెళ్లండి. నాన్నగారికి కూడా స్టేషన్‌కి వెళ్లేముందే చెప్పండి, వీలైతే వెంట తీసుకెళ్లండి.