సీల్ మార్చే ముందు రాడ్ చూడు

నాగార్జునసాగర్, హిల్ కాలనీ

అల్లుడూ,

లాంచీ స్టీరింగ్ సిలిండర్ (చక్రం తిప్పితే నూనె ఒత్తిడితో లోపలి రాడ్‌ను తోసి చుక్కానిని తిప్పే గొట్టం) దగ్గర నూనె కారుతోందని, సీళ్లు మార్చేస్తానని ఫోన్‌లో చెప్పావు. సోమశిలకు మెకానిక్ వచ్చేదాకా ఆగలేవు కాబట్టి నువ్వే విప్పు, నేను వద్దనను. కానీ పాత సీల్‌ను ఏది కోసిందో తెలుసుకోకుండా కొత్తది వేస్తే అదీ ఈ సీజన్‌లోనే పోతుంది.

ముందు పానలు పక్కన పెట్టు. సిలిండర్‌ను పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, స్టీరింగ్ చక్రాన్ని ఒక పక్కకు చివరిదాకా తిప్పి పట్టుకోమని ఎవరికైనా చెప్పు. రాడ్ బయటికొచ్చే చోట నూనె ఊరితే గ్లాండ్‌లోని (అక్కడి మూతలోని) రాడ్ సీల్ పోయినట్టే. బయట ఎక్కడా తడి లేకుండా చక్రం మాత్రం మెల్లగా జారుతోందా? అయితే లోపలి పిస్టన్ సీల్ అయినా పోయి ఉండాలి, చక్రం దగ్గరి పంపులో వాల్వ్ అయినా పోయి ఉండాలి. రెండు హోసులూ సిలిండర్ నుంచి విప్పి (ఆ జాగ్రత్తలు కింద రాశాను, ముందు అవి చదువు), వాటికి ఇనుప ప్లగ్గులు బిగించి చక్రం తిప్పు. అప్పుడూ జారితే తప్పు పంపుది, సిలిండర్ జోలికి పోకు. ఇంకో సంగతి. మీ సిలిండర్‌కు రాడ్ ఒక పక్కనే ఉంది కదా, చక్రం ఒక వైపు ఎక్కువ చుట్లు, మరో వైపు తక్కువ చుట్లు తిరగడం మామూలే. దాన్ని రిపేరు అనుకుని టెన్షన్ పడకు.

విప్పే రోజు లాంచీని ఒడ్డుకు గట్టిగా కట్టు. సిలిండర్ తీస్తే చుక్కానికి పట్టు ఉండదు, దాన్నీ తాడుతో బిగించు. హోసులు విప్పకముందే ఎడమదానికొకటి, కుడిదానికొకటి రంగు టేపులు చుట్టు. అవి తారుమారైతే ఎడమకు తిప్పినప్పుడు లాంచీ కుడికి పోతుంది. ఆ సంగతి నల్లమల కొండల మధ్య, జనం ఎక్కాక తెలియకూడదు. కింద టబ్ పెట్టి నూనె పట్టు, నీళ్లలో పడనీయకు. మీ దగ్గరి నీళ్లే శ్రీశైలం దాటి మా సాగర్‌కు వస్తాయి, ఇక్కడి నుంచి హైదరాబాద్ తాగుతుంది.

సిలిండర్‌ను ఇంటికి తెచ్చుకుని విప్పు, ఇసుక ఎగిరే ఒడ్డున వద్దు. గ్లాండ్ కొన్నింటికి మరతో ఉంటుంది, కొన్నింటికి సర్క్లిప్ అనే స్ప్రింగు రింగుతో. మర ఉంటే రంధ్రాల్లో పట్టే పిన్ పాన కావాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రాకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్. రాడ్‌కు పైప్ రెంచ్ తగలనీయకు. కంప్రెసర్ గాలి కొట్టి పిస్టన్‌ను బయటికి తీద్దామని అసలే అనుకోకు, మీదికి దూసుకొస్తుంది.

ఇప్పుడు రాడ్ తుడిచి, వేలిగోరును దాని పొడవునా, చుట్టూరా లాగి చూడు. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడే నీ సీల్ తెగింది. వేసవిలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు బురద రాడ్ మీద ఎండిపోతుంది. రాడ్ మీది మట్టిని తుడిచే వైపర్ సీల్ అరిగి ఉంటే ఆ మట్టి లోపలికి దూరి గీస్తుంది. చిన్న మచ్చయితే సన్న ఎమరీ పేపర్‌కు నూనె పూసి రాడ్ చుట్టూ తిప్పుతూ రుద్దు. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంటే నూనె బయటికొస్తుంది. తుప్పు తిని గుంట పడితే మాత్రం రుద్దడం దండగ, హార్డ్ క్రోమ్ పూత చేయించాలి లేదా రాడ్ మార్చాలి. బ్యారెల్ (సిలిండర్ గొట్టం) లోపల కూడా టార్చి వేసి చూడు.

పాత సీళ్లు తీయడానికి వెదురు పుల్ల చాలు, స్క్రూడ్రైవర్ సీల్ కూర్చునే గాడిని గీస్తుంది. ఏది ఏ వైపు తిరిగి ఉందో తీసే ముందే ఫోటో తీసుకో. రాడ్ సీల్ పెదవులు దోసిలి పట్టినట్టు లోపలి నూనె వైపు తెరుచుకుని ఉండాలి, వైపర్ పెదవి బయటికి ఉండాలి. కొలతలు పాత సీల్‌ను బట్టి తీయకు, అది నానుతూ ఉబ్బి ఉంటుంది. రాడ్, బ్యారెల్, గాడి కొలతలు వెర్నియర్‌తో తీసుకో. జేసీబీ సీల్ కిట్లు అమ్మేవాళ్ల దగ్గర చాలావరకు దొరుకుతాయి, లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ పోవాల్సిందే.

బిగించేటప్పుడు సీళ్లకు స్టీరింగ్‌లో పోసే నూనే పూయి. రాడ్ చివరి మరల మీద పలచటి ప్లాస్టిక్ చుట్టు, లేకపోతే కొత్త సీల్ అక్కడే తెగుతుంది. ఏ నూనె పోయాలో పంపు మీద రాసి ఉంటుంది, అదే పోయి. బ్రేక్ ఆయిల్ పోస్తే ఆ రబ్బరు ఉబ్బి పాడైపోతుంది.

తర్వాత గాలి తీయడం. పంపులో నూనె అడుగంటనీయకుండా పోస్తూ, సిలిండర్ మీద గాలి వదిలే బ్లీడర్ మర వదులు చేసి, బుడగలు ఆగేదాకా చక్రాన్ని నిదానంగా తిప్పాలి. రెండు వైపులా చేయాలి. చక్రం మెత్తగా, స్పాంజిలా తగులుతుంటే ఇంకా గాలి ఉన్నట్టే. మొదటిసారి జనాన్ని ఎక్కించుకోకుండా ఒడ్డు దగ్గరే తిప్పు, మర్నాడు పొద్దున మళ్లీ గుడ్డతో తుడిచి చూడు.

రాడ్ తుడిచాక వెలుతురులో ఫోటో తీసి పంపు. అది చూసే సీళ్లు కొందామా, క్రోమ్‌కు పంపుదామా చెప్తాను. అప్పటిదాకా కిట్‌కు డబ్బులు కట్టకు. అక్కను, బావను అడిగానని చెప్పు.

మీ మామ