క్యాసెట్ల జాబితా: నంబరు కుదిరాకే లేబుల్

పాటల క్యాసెట్ల జాబితాను కంప్యూటర్‌లో వరసలో పెడితే "క్యాసెట్ 10" వచ్చి "క్యాసెట్ 2" కంటే ముందు కూర్చుంటోంది, పాట ఏ వైపుందో దొరకట్లేదు అన్నారు కదా. ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదండీ, లిబ్రె ఆఫీస్‌లో గడుల పట్టికలు చేసుకునే కాల్క్ చాలు. ఉచితమే.

అంకెను అక్షరాలతో కలిపి రాస్తే కంప్యూటర్ దాన్ని మాటలాగే చూస్తుంది. అందుకే క్యా-002, క్యా-010 అని మూడంకెలు రాయండి, వరస కుదురుతుంది.

అసలు కిటుకు ఇంకోటి. పట్టికలో అడ్డు వరసకో క్యాసెట్ కాదు, అడ్డు వరసకో పాట ఉండాలి: క్యాసెట్ నంబరు, వైపు, ఎన్నో పాట, పేరు, గాయకులు, నిడివి. నేను మొదట ఒక్క గడిలోనే పది పాటలు కుక్కేసి, తర్వాత అన్నీ మళ్లీ టైప్ చేసుకున్నాను! ఆటోఫిల్టర్ (కావలసిన వరసలే చూపించే సదుపాయం) పెడితే ఒక గాయని పాటలన్నీ ఒకచోట కనిపిస్తాయి, కానీ పేరు ప్రతిసారీ ఒకేలా రాయాలి. సి-90 (మొత్తం 90 నిమిషాల క్యాసెట్) అయితే వైపుకు 45 నిమిషాలు. నిడివులు కూడితే ఏదైనా వదిలేశారేమో తెలుస్తుంది.

లేబుల్‌కి లిబ్రె ఆఫీస్‌లోనే ఉండే రైటర్‌లో టేబుల్ గీయండి. డబ్బా వీపు పట్టీ సుమారు 10 సెంటీమీటర్ల పొడవుంటుంది, మీదాన్ని స్కేలుతో కొలవండి. ప్రింట్ 100 శాతం సైజులోనే తీయండి. క్యాసెట్ మీద మాత్రం మందం కాగితం వద్దు, ప్లేయర్‌లో ఇరుక్కుంటుంది.